అత్తగారి ఏప్రన్‌కి రెండు జేబులు

అత్తగారి పాత బటన్ ఫోను నీళ్ళ డ్రమ్ములో పడి చచ్చిందని భార్య చెప్పగానే లిఫ్టు మెకానిక్కు లోలోపల పొంగిపోయాడు. ఫోను పోయినందుకు కాదు. అత్తగారికి ఒక వస్తువు కావలసొచ్చింది, అది తన చేతుల మీదుగా వెళ్ళబోతోంది, అందుకు.

అత్తగారిది మొక్కల నర్సరీ. మామగారు పోయాక ఆవిడే ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. లేచిన దగ్గర్నుంచీ మట్టి, నీళ్ళు, కుండీలు. అక్కడ మొండికేసిన వస్తువు ఏదైనా సరే, మోటారు కానీ, గేటు తాళం కానీ, దారికి తెచ్చేది పెద్దల్లుడే. మొక్కలు కొనడానికొచ్చిన ముక్కూమొహం తెలియని వాళ్ళతో కూడా ఆవిడ "నాకేం, మా అల్లుడున్నాడుగా" అనేది. ఎత్తైన బిల్డింగుల్లో ఒళ్ళంతా గ్రీజు పూసుకుని ఇనుప తాళ్ళ మధ్య పనిచేసే మనిషికి ఆ ఒక్క మాటతో కడుపు నిండిపోయేది.

చిన్న కూతురి పెళ్ళయ్యేదాకా అలాగే సాగింది. చిన్నల్లుడిది కళ్ళజోళ్ళ షాపు. మెత్తటి మాట, ఇస్త్రీ చెదరని చొక్కా. పెళ్ళైన కొత్తలోనే అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు పరీక్షించి, అద్దాలు చేయించి తెచ్చాడు. ఆవిడ అవి పెట్టుకుని గులాబీ ఆకు తిరగేసి చూసి, "అమ్మో, పురుగు కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి! ఇన్నాళ్ళూ గుడ్డిదాన్లా బతికానన్నమాట" అంది. అందరూ నవ్వారు. ఆ 'ఇన్నాళ్ళూ' అన్న మాట మాత్రం పెద్దల్లుడికి సూదిలా దిగింది. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నది తనేగా మరి. ఆ రోజు మొదలైన మంట చల్లారలేదు.

అందుకే ఈ ఫోను సంగతి ఆషామాషీగా తీసుకోలేదు. భార్యని వెంటబెట్టుకుని ఫోన్ల షాపుకి వెళ్ళి ఒక్కొక్కటే చేతిలో ఎగరేసి బరువు చూశాడు, వెనక కొట్టి చూశాడు, చెవి దగ్గర పెట్టి విన్నాడు. "పెళ్ళికి ముందు నన్ను కూడా ఇంతసేపు చూసుండరు మీరు" అంది భార్య. చివరికి వెండిరంగుది ఒకటి తీసుకున్నాడు. వెనకంతా లోహం, పెద్ద బ్యాటరీ, ఊరేగింపు లౌడ్‌స్పీకరు లాంటి గొంతు.

సెలవు రోజు పొద్దున్నే డబ్బా పట్టుకుని నర్సరీకి వెళ్ళేసరికి, కుండీల్లో మట్టి నింపే పెద్ద బల్ల దగ్గర చిన్నల్లుడు కూర్చుని ఉన్నాడు. అతని ముందు కూడా ఒక డబ్బా. అత్తగారి చేతిలో సన్నగా, నిగనిగలాడుతూ నీలిరంగు ఫోను.

"రా అల్లుడూ, రా! చూడు చిన్నాడేం తెచ్చాడో" అంటూనే ఆవిడ ఇతని చేతిలోకి చూసింది. "నువ్వూ తెచ్చావా? బాగుంది వరస. నిన్నటిదాకా ఒక్క ఫోనుకి దిక్కులేదు."

పెద్దల్లుడు భార్య వైపు చూశాడు. "చెల్లి ఫోన్ చేస్తే మాటల్లో చెప్పానండీ, వాళ్ళూ తెస్తారని నాకేం తెలుసు" అని ఆవిడ గొణిగింది.

ఇక వెనక్కి తగ్గేదేముంది. వెండి ఫోను తీసి నీలిదాని పక్కన పెట్టాడు.

"బ్యాటరీ చూడండత్తయ్యా. ఇవాళ చార్జింగ్ పెడితే మళ్ళీ రేపు సాయంత్రం దాకా మర్చిపోవచ్చు. కింద పడిందనుకోండి, దెబ్బ నేలకి తగలాలి కానీ దీనికి తగలదు." తర్వాత తోడల్లుడి వైపు తిరిగి, "నీదాని వెనక గాజు కదూ తమ్ముడూ? మట్టి చేతుల్లోంచి జారిపోదూ?" అన్నాడు.

"జారకుండా గరుగ్గా చేశారన్నయ్యా, పట్టుకు చూడండి" అన్నాడు చిన్నల్లుడు నవ్వుతూ. "నీళ్ళలో పడ్డా ఫరవాలేదు. అత్తయ్యకి కావలసింది అదేగా?"

అత్తగారికి పిల్లల ఆటలా ఉంది. రెండు ఫోన్లూ చెరో చేత్తో పట్టుకుని ఎండలోకి నడిచింది. "వెండిదాంట్లో నా మొహం కనిపిస్తోందర్రా, నీలిదాంట్లో అక్షరాలు కనిపిస్తున్నాయి" అంది. పెద్దల్లుడు గబగబా వెలుతురు పెంచి ఇచ్చాడు. పెంచినా మొహమే కనిపించింది. పాట పెట్టి గొంతు పెంచాడు. రేకుల మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. అతని ప్రాణం కాస్త కుదుటపడింది. ఫోటోల దగ్గరికొచ్చేసరికి వెండిదాంట్లో పువ్వు ఎర్రగా మెరిసిపోయింది, నీలిదాంట్లో అదే పువ్వు మీది పుప్పొడి గింజలు కూడా తెలిశాయి. ఆవిడ నీలిదాన్నే ఎక్కువసేపు చూసింది.

అన్నిటికంటే ఎక్కువ వేలిముద్ర దగ్గర దెబ్బతిన్నాడు పెద్దల్లుడు. వెండిదానికి పక్కన బటన్ మీద వేలు పెట్టాలి, ఆవిడ వేలు అస్తమానం పక్కనున్న ఇంకో బటన్ మీదికి పోతోంది. నీలిదానికి తెర మీదే. చిన్నల్లుడు ముందు తన బొటనవేలు పెట్టి చూపించి, తర్వాత ఆవిడ వేలిముద్ర కూడా ఎక్కించాడు. ఆవిడ అలా ముట్టుకోగానే తెర విచ్చుకుంది. "ఇదేంటర్రా, నన్ను గుర్తుపడుతోంది!" అని మళ్ళీ మూసి మళ్ళీ తెరిచింది, మళ్ళీ మూసి మళ్ళీ తెరిచింది. మూసి తెరిచినప్పుడల్లా పెద్దల్లుడి గుండెల్లో కలుక్కుమంది.

చివరికి ఆవిడే తీర్పు చెప్పింది. "నాకు ఇద్దరు అల్లుళ్ళు, ఈ ఏప్రన్‌కి రెండు జేబులు. రెండూ ఉంచుకుంటా. ఏది నా చేతిలో బతికితే అదే నాది." పాత నంబరు వెండిదాంట్లో వేశారు, కొత్త నంబరు నీలిదాంట్లో.

ఆ తర్వాత లిఫ్టు మెకానిక్కుకి పని మీద మనసు నిలవలేదు. అత్తగారి నుంచి ఫోను వస్తే ముందు చూసేది, ఏ నంబరు నుంచా అని. మొదట్లో పాత నంబరు కనిపించేది. పోనుపోను కొత్త నంబరే. మోటారులోంచి ఏదో చప్పుడొస్తోందని తనకు చెప్పడానికి కూడా ఆవిడ చిన్నల్లుడి ఫోనులోంచే చేస్తోంది! కుటుంబం గ్రూపులోకి రోజూ ఒక ఫోటో వచ్చేది, ఆకో, మొగ్గో, సాలీడో. పుప్పొడి గింజలు తెలుస్తున్నాయంటే అది నీలిదే. వాటి కింద చిన్నల్లుడు పువ్వు బొమ్మలు పెట్టేవాడు. ఇతను చూసి, మూసేసి, మళ్ళీ తెరిచి చూసి, ఇంకా మండిపోయేవాడు.

"అమ్మకి రెండు ఫోన్లతో సుఖంగా ఉంది. మీకెందుకండీ ఈ ఏడుపు?" అని భార్య కసిరింది ఒకరోజు.

"ఏడుపేంటి? నేను కొన్నది ఎలా పనిచేస్తోందో కనుక్కోకూడదా?"

కనుక్కోవడానికే వెళ్ళాడు. వెండి ఫోను మట్టి బల్ల మీద గట్టిగా పాటలు పాడుతోంది. నర్సరీలో పనిచేసే అమ్మాయి ఆ పాటలు వింటూ మొక్కలు నాటుతోంది. నీలిది అత్తగారి జేబులో ఉంది.

"ఏమనుకోకు అల్లుడూ, నీది బరువు. ఏప్రన్ కిందికి లాగేస్తోంది" అంది ఆవిడ మామూలుగా. "పాటలకి మాత్రం దాన్ని మించింది లేదు."

అంటే తను ఏరికోరి తెచ్చినది రేడియో అయిపోయింది. నవ్వడానికి ప్రయత్నించాడు, మొహం సహకరించలేదు. ఆవిడ జేబులోంచి నీలిది తీస్తే, తెర మీద సన్నగా ఒక గీత కనిపించింది.

"అయ్యో, గీత పడిందే. పైన గాజు గార్డు వేయించి తెస్తా ఉండండి" అన్నాడు.

ఆ క్షణంలో అతని మనసులో చెడ్డ ఆలోచన ఏదీ లేదు. అది షాపులో పుట్టింది. భార్య కూడా వెంట ఉంది. షాపతను రెండు రకాల గాజులు బల్ల మీద పెట్టాడు. "ఈ ఫోనుకి ఈ పల్చటిదే వేయాలండీ. ఆ మందంది గట్టిదే కానీ, తెర కింద వేలిముద్ర సరిగ్గా అందదు. తడి చేత్తో అయితే అసలు పలకదు" అన్నాడు. పెద్దల్లుడు రెండిటినీ తిప్పి చూశాడు. ఒక గాజు తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"మందందే వెయ్యి. ఆవిడ చేతిలో ఊరికే పడుతుంటుంది" అన్నాడు. భార్య ఏదో అనబోయి ఊరుకుంది.

అత్తగారు పాపం ఎంతో సంతోషించింది. తర్వాత తర్వాత విసుక్కోవడం మొదలుపెట్టింది. "ఏమైందో ఈ మాయదారి ఫోనుకి, అప్పుడప్పుడూ నన్ను పోల్చుకోవట్లేదు. నొక్కి నొక్కి చేతులు నొప్పి. అంకెల తాళం చిన్నాడు పెట్టాడు, అదేంటో నాకు గుర్తుండి చావదు." అదీ పాత నంబరు నుంచి చేసి మరీ చెప్పింది. ఆ వేళ పెద్దల్లుడు లిఫ్టు గది మీద కూర్చుని కాళ్ళాడిస్తూ ఈల వేశాడు.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, దగ్గర్లో పని ముగించుకుని నర్సరీకి వెళ్ళాడు. గేటు దగ్గరికే పాట వినిపించింది. తన ఫోను గొంతు. ఛాతీ కొంచెం విరుచుకునే లోపలికి నడిచాడు. పనిచేసే అమ్మాయి బల్ల దగ్గర మొక్కలు సర్దుతోంది.

"అమ్మగారేరి?"

"ఆ చివర షెడ్డులో ఉన్నారండీ, కుండీలు తెస్తానని వెళ్ళారు" అని ఆ అమ్మాయి పాటని మించి అరిచి చెప్పింది.

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంతలో పాట ఆగి, వెండి ఫోను మోగింది. తెర మీద చిన్నల్లుడి మొహం. తను కొన్న ఫోను మీద ఆ నవ్వు మొహం! ఒళ్ళు మండింది. ఎత్తకుండా కట్ చేసిపారేశాడు.

పాట మళ్ళీ అందుకునేలోపు ఒక్క క్షణం అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో, దూరంగా, ఎవరో బొంగురుపోయిన గొంతుతో పిలిచినట్టు వినిపించింది. పాట మొదలైంది. పిలుపు వినిపించకుండా పోయింది. అతను ఫోను నొక్కి పాట ఆపేశాడు. ఈసారి స్పష్టంగా వినిపించింది. పరుగెత్తాడు.

చివరి షెడ్డులో మట్టి కుండీలు పేర్చిన చెక్క రాక్ ఒకటి కూలి, ఎదుటి గోడకి అడ్డంగా ఒరిగి ఉంది. దాని కింద, పగిలిన కుండీల మధ్య అత్తగారు. ఎడమ పాదం రాక్ కాలి కింద ఇరుక్కుపోయింది. మొహమంతా మట్టి, కన్నీళ్ళు.

పక్కనున్న ఇనుప నీళ్ళ గొట్టం కింద దూర్చి, భుజం ఆనించి రాక్‌ని లేపాడు. వెనకే పరుగెత్తుకొచ్చిన అమ్మాయి ఆవిడ చంకల్లో చేతులేసి ఇవతలికి లాగింది.

"ఎంత అరిచాను అల్లుడూ" అంది ఆవిడ వెక్కుతూ. "ఆ పాటల్లో ఎవరికి వినిపిస్తుంది? ఇదేమో తెరుచుకోదు. చిన్నాడు చేస్తే చేతిలో మోగింది, జరిపితే జరగలేదు, ఎత్తలేకపోయాను."

ఆవిడ చేతిలో నీలి ఫోను ఇంకా అలాగే ఉంది. తెర నిండా బురద వేలిముద్రలు, ఒకదాని మీద ఒకటి. వాటి కింద ఆ మందపాటి గాజు.

ఆస్పత్రిలో ఎముక చిట్లిందని కట్టు కట్టారు. సాయంత్రానికి ఇంటినిండా మనుషులు. "పెద్దల్లుడు సమయానికి రాబట్టి సరిపోయింది" అన్నారు ఇరుగుపొరుగు. "అవసరానికి అక్కరకు రాని ఫోను ఎందుకు, అందానికా?" అని ఒకావిడ చిన్నల్లుడి ఎదుటే అనేసింది. అతను మంచం పక్కన తల వంచుకు కూర్చున్నాడు. చొక్కా నలిగిపోయి ఉంది. "నాదే తప్పత్తయ్యా. సన్నగా, తేలిగ్గా ఉందని చూశాను కానీ, నిలబడుతుందా లేదా అని చూడలేదు" అన్నాడు. నీలి ఫోను తుడిచి తన సంచీలో వేసుకున్నాడు.

పెద్దల్లుడు తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. ఎన్నాళ్ళ నుంచో వినాలనుకున్న పొగడ్తలన్నీ ఇవాళ వినిపిస్తున్నాయి. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయింది, ఒక్క గుక్క దిగలేదు. గదికి అవతలి పక్క నుంచి భార్య కన్నార్పకుండా తననే చూస్తోంది.

ఇంటికి వెళ్ళే దారిలో ఆవిడ అడిగింది. "ఆ గాజు మీరు తీస్తారా, నన్ను తీయమంటారా?"

"ఏ గాజు?"

"షాపతను చెప్పింది మీకొక్కరికే వినిపించిందా? నాకూ చెవులున్నాయి. ఆ రోజే నోరు తెరవాల్సింది. మా అమ్మ కాలు అది."

రోడ్డు మీద వెళ్ళే బళ్ళ చప్పుడులోనే ఇల్లు చేరారు.

మర్నాడు కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు. నాలుగు గోడల నిండా అద్దాలు. ఎటు చూసినా తన మొహమే. చిన్నల్లుడు లేచి నిలబడ్డాడు. నీలి ఫోను మళ్ళీ డబ్బాలోకెక్కి, కొన్న చోట వెనక్కి ఇచ్చేయడానికి సిద్ధంగా కౌంటరు మీద ఉంది.

పెద్దల్లుడు దాన్ని తీసి, గోరుతో అంచు లేపి, గాజు పెరికేశాడు. "ఇప్పుడు నీ వేలు పెట్టు."

చిన్నల్లుడు బొటనవేలు ఆనించాడు. తెర ముట్టుకోగానే విచ్చుకుంది.

"ఈ గార్డు వల్లా ఇదంతా?" అని ఆ గాజుని తిప్పి చూసి, "పాపం మీకు మాత్రం ఏం తెలుసన్నయ్యా, మంచికే వేయించారు" అన్నాడు.

దారి అక్కడే తెరిచి ఉంది. తలూపి బయటపడితే సరిపోయేది. పెద్దల్లుడికి తల ఊపాలనే అనిపించింది. కానీ బురద వేలిముద్రలు కళ్ళ ముందు నుంచి పోవట్లేదు.

"తెలుసు. షాపతను చెప్పాడు. తెలిసే వేయించాను" అన్నాడు.

చిన్నల్లుడి మొహం మెల్లగా పాలిపోయి, తర్వాత ఎర్రబడింది. ఆ మెత్తటి గొంతులో అంత కరుకుదనం ఉంటుందని ఇతను ఎప్పుడూ అనుకోలేదు. "రాత్రంతా నిద్రపోలేదు నేను. అత్తయ్యని నేనే చంపబోయానని ఏడ్చాను. వెళ్ళండి. వెళ్ళి ఆవిడకి చెప్పండి. మీరు చెప్పేదాకా ఆ ఇంట్లో నేను అడుగుపెట్టను."

అన్నయ్యా అన్న పిలుపు లేదు ఆ మాటల్లో.

అత్తగారు దిండు మీద కాలు చాపుకుని పడుకుని ఉంది. అతను నిలబడే చెప్పాడు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆవిడ అంతా విని కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఎందుకు చేశావు?"

ఎన్నో చెప్పాలనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒక్కటే. "మీరు నాకు ఫోన్ చేసినా దాంట్లోంచే చేస్తున్నారు."

ఆవిడ మోచేతి మీద పైకి లేచింది. "దానికా? అందుకా? నా కాలి ఎముక కంటే నీ కడుపుమంట పెద్దదైపోయిందా అల్లుడూ? కాలు కాబట్టి సరిపోయింది. అదే తల మీద పడుంటే, అప్పుడేం చేసేవాడివి? అప్పుడు కూడా ఏ ఫోను మోగిందా అని చూస్తుండేవాడివా?"

అతను ఆవిడ కాలి కట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"వెళ్ళు. నిన్ను చూస్తుంటే నొప్పి ఎక్కువవుతోంది."

వెళ్ళాడు, ఇంటికి కాదు, నర్సరీ చివర షెడ్డుకి. పగిలిన కుండీలు ఏరి, ఒరిగిన చెక్కంతా బయట పడేశాడు. తర్వాత పని అయ్యాక రోజూ వచ్చి ఇనుప రాక్ ఒకటి వెల్డింగ్ చేసి, గోడకి బోల్టులతో బిగించాడు. అత్తగారు ఆ రోజుల్లో అతన్ని పిలవలేదు, ఫోను చేయలేదు. చిన్నల్లుడు నీలి ఫోను తీసుకొచ్చి ఆవిడకి ఇచ్చి వెళ్ళాడని మాత్రం భార్య చెప్పింది. దాని మీద ఇప్పుడు పల్చటి గాజు ఉందట.

ఆవిడ చేతికర్ర సాయంతో నర్సరీకి రావడం మొదలుపెట్టాక ఒక సాయంత్రం అతన్ని రమ్మని భార్య చేత చెప్పించింది. వెళ్ళేసరికి ఆవిడా, చిన్నల్లుడూ మట్టి బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చుని నీలి ఫోనులో ఫోటోలు చూస్తున్నారు. రెండు తలలూ ఒకదానికొకటి ఆనించినంత దగ్గరగా ఉన్నాయి. చూడగానే పొట్టలో అదే మంట, ఏమీ తగ్గకుండా, పాత చోటే లేచింది. అతనికే ఆశ్చర్యం వేసింది. ఇంత జరిగాక కూడానా?

"నిలబడతావేం, కూర్చో" అంది అత్తగారు, తల ఎత్తకుండానే. గొంతులో పాత చనువు లేదు కానీ, కోపం కూడా తగ్గినట్టే ఉంది. చిన్నల్లుడు ఇతని వైపు చూడలేదు. తన టీ గ్లాసు మాత్రం పక్కకి జరిపి బల్ల మీద కాస్త చోటు చేశాడు.

పెద్దల్లుడు కూర్చున్నాడు. ఆవిడ ఫోను అతని చేతికిచ్చింది. ఏదో తీగ మొలక ఫోటో. మసకగా వచ్చింది.

"చెయ్యి కదిలుంటుంది" అన్నాడు చిన్నల్లుడు, ఎవరితోనో అన్నట్టు.

వెండిదాంట్లో తీసుంటే ఇలా వచ్చేది కాదు, అన్న మాట పెద్దల్లుడి నాలుక చివరిదాకా వచ్చింది. టీ గ్లాసు అందుకుని, ఆ మాటని వేడి టీతో పాటు మింగేశాడు.

"ఊఁ, కదిలుంటుంది" అన్నాడు.